బావమరిది బండి

"బావా, నువ్వు కాస్త నాన్నకి చెప్పవా!"

సత్తెనపల్లి నుంచి మా బావమరిది ఫోను. వాడు ఇలా మొదలెట్టాడంటే పొలమైనా అమ్మాలి, బండైనా కొనాలి. అదృష్టం, ఈసారి రెండోది. 2024 దసరాకి పికప్ కొనాలని పట్టు పట్టాడు. బజార్లో కిరాయికి తిరిగేది కాదు. ముందు కారులా నాలుగు తలుపులు, ఐదు సీట్లు, వెనకాల తొట్టి ఉండే రకం. డాలస్‌లో ఉన్న స్నేహితుడు తన ఫోర్డ్ పికప్‌కి ఆనుకుని దిగిన ఫొటో ఈ గొడవకంతటికీ మూలం. అమెరికాలో పికప్ ఇంటి బండే. 1977 నుంచీ ఫోర్డ్ ఎఫ్ సిరీస్‌దే అక్కడి పికప్‌ అమ్మకాల్లో మొదటి స్థానం. మన ఊళ్లో అదే బండి ఇంటి ముందు పెడితే "గుంటూరుకి ఎంత తీసుకుంటావ్?" అని అడిగి వెళ్తారు.

"అన్ని లక్షలు పోసి తొట్టి బండేందిరా! పిల్లనిచ్చేవాళ్లు కూడా రారు" అన్నారు మావయ్య. వాడికి పెళ్లై పదేళ్లయిందని గుర్తుచేసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

నిజానికి ఈ బండ్లు మనకి కొత్త కాదు. టాటామొబైల్ 1988లోనే వచ్చింది. 2007లో మహీంద్రా వాళ్లు స్కార్పియోకి తొట్టి తగిలించి గెటవే అన్నారు. 2016లో మన శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ మొదలై, డి-మ్యాక్స్ వి-క్రాస్ వచ్చాక సొంతానికి కొనేవాళ్లు కాస్త కనబడటం మొదలైంది. అప్పట్లో షోరూమ్ ధర పన్నెండున్నర లక్షల దగ్గర ఉండేది. 2022లో టొయోటా హైలక్స్ అడుగుపెట్టేసరికి 34 లక్షల దగ్గర మొదలు! పన్నూ బీమా అదనం. అందుకే మా వాడి చూపు సెకండ్ హ్యాండ్ వి-క్రాస్ మీద పడింది.

నేను మావయ్య పక్షమే. కానీ వాడు చెప్పిన ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "బావా, కారు డిక్కీలో పురుగుమందు డబ్బా ఒక్కసారి ఒలికితే నెల్లాళ్లు ఆ వాసనలోనే పిల్లని బడికి తీసుకెళ్లా. మిరపకాయలు వేస్తే ఇక చెప్పక్కర్లేదు. తొట్టి వేరు, మనుషులు వేరు ఉండాలి." ఇది న్యాయమైన మాట. తైవాన్ పంపు, డ్రిప్పు పైపులు, నారు ట్రేలు, నాలుగు యూరియా బస్తాలు... రైతు ఇంట్లో రోజూ తిరిగే సామాను కారుకి ఎక్కువ, లారీకి తక్కువ.

అయితే వాడు అక్కడితో ఆగలేదు. "మన మిర్చి మనమే యార్డుకి తోలుకోవచ్చు" అన్నాడు. కాగితం, కలం తెమ్మన్నాను.

నాలుగెకరాలు. ఎకరాకి 20 క్వింటాళ్లు వేసుకున్నా 80 క్వింటాళ్లు. టిక్కీకి 40 కిలోలైతే 200 టిక్కీలు. డబుల్ క్యాబ్ తొట్టి పొడవు ఐదడుగులు. ఎలా సర్దినా పది టిక్కీలకి నిండుతుంది. అంటే గుంటూరుకి ఇరవై ట్రిప్పులు. పోనూ రానూ 70 కిలోమీటర్లు. మొత్తం 1,400 కిలోమీటర్లు తిరిగితే ఒక పంట యార్డుకి చేరుతుంది! కిరాయి లారీ ఆ పని ఒక్క ట్రిప్పులో చేసి, సాయంత్రం టీ తాగే వేళకి తిరిగొస్తుంది. మా వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడే ఓ ముక్క చెప్పాలి. షోరూమ్‌లో అబ్బాయిలు "ఎంతైనా వేసుకోండి సార్, లాగేస్తది" అంటారు. ఆ మాట వినకండి. ఆర్సీలో ఖాళీ బరువు, నిండు బరువు అని రెండు అంకెలుంటాయి. ఒకదాన్లోంచి ఒకటి తీసేయండి. మిగిలింది సరుక్కే కాదు, లోపల కూర్చునే ఐదుగురికీ కలిపి. నంబరు ప్లేటు తెల్లదా పసుపుదా అన్నది కూడా బేరానికి ముందే తేల్చుకోవాలి. తెల్ల ప్లేటైతే కిరాయికి సరుకు వేయకూడదు. పసుపు ప్లేటైతే ఫిట్‌నెస్‌కి తిరగాలి, బీమా లెక్క వేరు. లైసెన్సు భయం మాత్రం తగ్గింది. కారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పిన మాటని, 2024 నవంబరులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఖాయం చేసింది.

సరే, బండి వచ్చింది. పదిహేడు అడుగుల పైన పొడవు. మావయ్య వాళ్ల సందులో మలుపు తిరగాలంటే ముందుకీ వెనక్కీ మూడుసార్లు. గేటు మూయాలంటే తులసికోట జరపాలి. అత్తయ్య జరపనన్నారు. బండి వీధిలోనే ఉంటోంది. ఖాళీగా వెళ్తే గతుకుల రోడ్డు మీద వెనక సీట్లో వాళ్లు ఎగిరెగిరి పడతారు. వెనక కమాన్ కట్టలు బరువు కోసం పెట్టినవి, బరువు లేకపోతే అవి వంగవు. తొట్టిలో రెండు బస్తాలు వేసి చూడండి, అదే బండి బుద్ధిగా పోతుంది.

ఇవన్నీ అలవాటయ్యేవే. అలవాటు కానిది జనవరిలో మొదలైంది.

మిర్చి కోతలు. సాయంత్రం పొలం నుంచి వస్తుంటే దారి పొడుగునా కూలీలు. "అబ్బాయా, బండాపు, ఊళ్లో దిగుతాం" అని పెద్దామె చెయ్యెత్తితే, వెనకాల ఖాళీ తొట్టి పెట్టుకుని ఎలా పోతాడు? మొదటి రోజు ఆపాడు. పన్నెండు మంది ఎక్కారు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి గొప్పగానే చెప్పాడు. నేను కసురుకున్నాను. తొట్టిలో పట్టుకోడానికి ఏమీ ఉండదు. ఒక్క బ్రేకు చాలు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకి బీమా కంపెనీ పూచీ లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. సరుకు యజమానికైతే చట్టంలో చోటుంది. కూలికెళ్లి తిరిగొచ్చే మనిషికి లేదు. జరగరానిది జరిగితే అటు ఆ ఇల్లూ మునుగుతుంది, ఇటు మన ఇల్లూ మునుగుతుంది.

మర్నాడు ఆపలేదు. "బండి కొన్నాక కళ్లు నెత్తికెక్కాయి" అన్నారట వెనక నుంచి. ఆ మాట అత్తయ్య చెవిన కూడా పడింది. రెండు రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు.

2025 ఫిబ్రవరిలో, సత్తెనపల్లి పక్కనే ముప్పాళ్ల మండలంలో, మిర్చి కోతకెళ్లి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు బోల్తా పడింది. నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. ఆ రాత్రి మా వాడు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "మొన్న నా తొట్టిలో పన్నెండు మంది బావా" అన్నాడు చివరికి.

ఆ ఏడాది మిర్చి ధర కూడా పడిపోయింది. మార్కెట్ జోక్యం కింద కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ఖాయం చేసిందని పేపర్లో చదివి, బండి వాయిదా పక్కన ఆ అంకె రాసుకుని కూర్చున్నారు మావయ్య. అమ్మేద్దామా అన్న మాట కూడా వచ్చింది. అమ్మలేదు. "తొట్టి బండేంది" అన్న ఆయనే ఇప్పుడు సంతకి దాన్లోనే వెళ్తున్నారు. ముందు సీటు ఎత్తుగా ఉంటుందట, ఊరంతా కనబడుతుందట.

కోతల సాయంత్రాలకి మాత్రం వాడో పద్ధతి పెట్టుకున్నాడు. తొట్టిలోకి కాయ తప్ప మనిషి ఎక్కకూడదు. లోపల నాలుగు సీట్లు. నలుగురిని ఎక్కించుకుని ఊళ్లో దింపి, మళ్లీ వెనక్కి వెళ్తాడు. ముందు పెద్దవాళ్లు, ఆ తర్వాత చంటిపిల్లల తల్లులు. మూడు ట్రిప్పులు. డీజిలు లెక్క అడిగితే మాట మారుస్తాడు.

మొన్న వెళ్లినప్పుడు మా మేనకోడల్ని బడి నుంచి తీసుకొద్దామని నేనూ ఆ బండెక్కాను. పిల్ల తలుపు తీసి, స్కూలు బ్యాగు సీటు మీద పెట్టకుండా, జేబురుమాలు తీసి ముక్కుకి కట్టుకుంది. "ఏంటే?" అన్నాను.

"రోజూ ఇంతే మావయ్యా... సీట్లన్నీ మిరపకాయ వాసన" అంది. ఆ వెంటనే నాకూ తుమ్ము వచ్చింది.