ట్రైనింగ్ అయిపోయింది సరే, తర్వాత క్లాసులోకి ఎవరొస్తారు?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ప్రైమరీ టీచర్లకు ట్రైనింగ్‌లు కొత్త కాదు. నిష్ఠా, దీక్షా యాప్ కోర్సులు, కాంప్లెక్స్ మీటింగ్‌లు నడుస్తూనే ఉన్నాయి. 2021లో నిపుణ్ భారత్ మొదలైంది. అదే ఏడాది మన రాష్ట్రంలో సాల్ట్ ప్రాజెక్టుకు ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. మూడో తరగతి దాటేలోపు ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలనేది నిపుణ్ లక్ష్యం, గడువు 2026-27. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఉంది. కాబట్టి ఈ లక్ష్యం మనకు కాగితం మాట కాదు.

అయితే ట్రైనింగ్‌కు, క్లాసులో మార్పుకు మధ్య పెద్ద గుంత ఉంది. మన రాష్ట్రానికి ఇది పాత అనుభవమే. 1980ల్లో బ్రిటన్ సాయంతో ఏపీపెప్ అని ప్రైమరీ విద్యా ప్రాజెక్టు వచ్చింది. టీచర్ సెంటర్లు పెట్టారు, వేల మందికి శిక్షణ ఇచ్చారు. గోడల మీద చార్టులు, పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టడం త్వరగానే వచ్చాయి. పాఠం చెప్పే తీరు మాత్రం అంత సులువుగా మారలేదు. చార్టు ఇన్‌స్పెక్షన్‌లో కనిపిస్తుంది, చదవలేని పిల్లోడు వెనక బెంచీలో కనిపించడు!

హర్యానాలో 2012-13లో జరిగింది గమనించాలి. ప్రథమ్ సంస్థ, ప్రభుత్వం కలిసి రోజూ ఒక గంట విడిగా పెట్టి, పిల్లల్ని తరగతిని బట్టి కాక, చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టారు. అసలు కిటుకు ఇంకోటి. టీచర్లను గైడ్ చేయాల్సిన బ్లాక్ సిబ్బంది ముందు తామే 15, 20 రోజులు పిల్లలకు చెప్పి చూశారు. తర్వాతే టీచర్ల దగ్గరికి వెళ్లారు. అభిజిత్ బెనర్జీ బృందం లెక్కేస్తే హిందీ చదవడంలో మెరుగు కనిపించింది. బిహార్, ఉత్తరాఖండ్‌లలో బడి రోజుల్లో టీచర్లకు ట్రైనింగ్, సామగ్రి మాత్రమే ఇచ్చిన చోట తేడా దాదాపు లేదు.

మన దగ్గర ఆ పని చేయాల్సింది సీఆర్‌ఎంటీలు. వాళ్లు బడికి వస్తే రిజిస్టర్లు, ఫొటోలు, యాప్ అప్‌లోడ్‌లు చూస్తారా, లేక అరగంట కూర్చుని ఒక పిల్లతో పేరా చదివిస్తారా? నా లెక్కలో మొత్తం విషయం ఇక్కడే తేలుతుంది.

ఉర్దూ మీడియం సంగతి ఇంకా వేరు. తెలుగులో గుణింతం ప్రతిదీ రాతలో ఉంటుంది. ఉర్దూలో అక్షరం కలిసినప్పుడు రూపం మారుతుంది. జబర్, జేర్, పేష్ సాధారణంగా రాయరు. మక్తబ్‌లో ఎరాబ్ చూసి నాజిరా చక్కగా చదివే పిల్ల బడి పుస్తకంలో అవి లేక తడబడుతుంది. పైగా ఇంట్లో దక్కనీ, పుస్తకంలో కితాబీ ఉర్దూ. తెలుగు కోసం తయారైన మాడ్యూల్‌ను తర్జుమా చేసి ఉర్దూ ఉస్తాద్‌లకు ఇస్తే ఈ ఇబ్బంది ఒక్కటీ తీరదు. వాళ్లకు వేరే శిక్షణ, ఉర్దూ చదవగల మెంటర్ కావాలి. కర్ణాటక సరిహద్దు ఊళ్లలో కన్నడ పిల్లలదీ ఇలాంటి గొడవే.

ఇక వలస. పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కదిలితే పిల్లలూ పోతారు. తిరిగొచ్చేసరికి క్లాసు ముందుకెళ్లిపోయి ఉంటుంది. స్థాయిని బట్టి కూర్చోబెట్టే ఆ ఒక్క గంట వీళ్లకే ఎక్కువ అవసరం. సీజనల్ హాస్టళ్లలో పిల్లల్ని చూసేవాళ్లను కూడా ఈ శిక్షణలో కలపాలి.

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కు అమ్మీ, అబ్బా ఎవరు వెళ్లినా మార్కుల కార్డు చూసి రావద్దు. చదివే గంట రోజూ జరుగుతోందా, మెంటర్ చివరిసారి ఎప్పుడొచ్చారు, ఏం చూసి వెళ్లారు అని అడగండి. మా బిడ్డతో ఇప్పుడే ఒక పేజీ చదివించండి అనండి. ఉర్దూ మీడియం అయితే ఆ పేజీ ఎరాబ్ లేనిదై ఉండాలి.