గాలిలో మన వాటా

గాలిలో ప్రయాణించే తరంగాలు ప్రజల ఆస్తి అని భారత సర్వోన్నత న్యాయస్థానం 1995 ఫిబ్రవరి 9న స్పష్టం చేసింది. క్రికెట్ పోటీల ప్రసారం గురించి వచ్చిన తగాదాలో వెలువడిన తీర్పు అది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. ప్రజల ఆస్తి అన్నప్పుడు అందులో గద్వాల మగ్గం మీద కూర్చున్న చేనేత కార్మికునికి వాటా ఉన్నది. వనపర్తి బజారులో తోపుడుబండి నెట్టుకునే సోదరునికీ, నాగర్‌కర్నూల్ పల్లెలో కుట్టుమిషను తొక్కే సోదరికీ వాటా ఉన్నది. వాటా ఉన్నదని తెలియకపోవడం ఒక నష్టం. తెలిసి కూడా అడగకపోవడం అంతకంటె పెద్ద నష్టం.

మేము ప్రభుత్వ గుమాస్తాగా ఎన్నో ఏళ్ళు పనిచేశాము. ఆ రోజులలోని ఒక మధ్యాహ్నం ఈనాటికీ మమ్మల్ని వెంటాడుతూనే ఉన్నది. లారీ డ్రైవరు భార్య ఒకామె ఇంటర్ చదివే కూతురి ఉపకార వేతనం కోసం ఆదాయ ధ్రువపత్రం, మార్కుల పత్రం అన్నీ ప్లాస్టిక్ సంచిలో భద్రంగా పెట్టుకొని మా బల్ల ముందు నిలుచున్నది. గడువు ముగిసి నాలుగు రోజులయింది. ఆ సంగతి నోటీసు బోర్డు మీద ఉన్నదని చెప్పాము. "హమ్నా కౌన్ బోలే సాబ్?" అని ఆమె అడిగింది. మాకు ఎవరు చెప్పారు అన్నది ఆమె ప్రశ్న. నిబంధన ప్రకారం మా జవాబు సరైనదే. కాని ఆ బోర్డు తలుపు వెనుక ఉన్నది, అందులోని కాగితం ఆంగ్లంలో ఉన్నది, ఆమె ఊరు బస్సులో రెండు గంటల దూరంలో ఉన్నది. ఆమె ప్రశ్నకు మా దగ్గర ఆనాడు జవాబు లేదు. ఈ సంపాదకీయం దానికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

2006 నవంబరులో రెండు సంగతులు జరిగాయి. ముస్లింల విద్య, ఉద్యోగ, ఆర్థిక స్థితిగతులపై జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ తన నివేదికను ప్రధానమంత్రికి అందజేసింది. స్వచ్ఛంద సంస్థలు సొంత రేడియో కేంద్రాలు పెట్టుకొనవచ్చునని కేంద్ర ప్రభుత్వం అనుమతించినది కూడా అదే నెలలో. అంతకుముందు ఆ అవకాశం విద్యాసంస్థలకే ఉండేది. మొదటి సంగతిపై మన సభలలో ఎన్నో ఉపన్యాసాలు జరిగాయి. రెండవ దానిని మనం దాదాపు పట్టించుకోలేదు. మన వెనుకబాటును లెక్కగట్టిన నివేదికను చేతబట్టుకొని తిరిగాము గాని, దానిని చెప్పుకొనే గొంతు దొరికిన విషయం గమనించలేదు.

గమనించినవారు దూరాన లేరు. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలోని మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో, యునెస్కో సాయంతో ఏర్పడిన ఆ కేంద్రాన్ని నడిపినవారు దళిత మహిళలు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరి పేర్లు ఆ రేడియోతో పాటు దేశమంతటా తెలిశాయి. లైసెన్సు రావడానికి పదేళ్ళ ముందునుంచే ఆ మహిళలు కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ టేపులను ఊరూరా సంఘం సమావేశాలలో వినిపించేవారు. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, పశువుల జబ్బులు, ఆడవారి ఆరోగ్యం, పొలం పాటలు, అన్నీ తమ ఊరి యాసలోనే. తమ మాట రేడియోకు పనికిరాదని వారు అనుకోలేదు. రేడియోనే తమ మాటకు తగినట్లు మలుచుకున్నారు. అనుమతి వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. మనం మొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే.

ముస్లింలు అధికంగా ఉన్న హర్యానాలోని మేవాత్ ప్రాంతంలో 2012 నుంచి అల్ఫాజ్-ఎ-మేవాత్ అనే సామాజిక రేడియో నడుస్తున్నది. బ్రిటనులో రంజాన్ నెల కొరకు తాత్కాలిక లైసెన్సులు తీసుకొని, స్వచ్ఛంద కార్యకర్తలే ఇఫ్తారు వేళల నుంచి పిల్లల కార్యక్రమాల దాకా నడిపే ఆనవాయితీ 1990ల నుంచి ఉన్నది. మన హైదరాబాదులోనే ఆకాశవాణి ఉర్దూ కార్యక్రమం నైరంగ్‌ను వింటూ పెరిగిన తరం ఇంకా మన ఇళ్ళలో ఉన్నది. కనుక రేడియో మనకు కొత్త కాదు. రేడియోలో మాట్లాడటమే మనకు కొత్త.

నియమాలు తెలుసుకోవడం అవసరం. వ్యక్తులకు, రాజకీయ పార్టీలకు ఈ అనుమతి లేదు. కనీసం మూడేళ్ళుగా పనిచేస్తున్న రిజిస్టరైన సంస్థ దరఖాస్తు చేయాలి. ట్రాన్స్‌మిటరు శక్తి పరిమితం కనుక ప్రసారం ఒక పట్టణానికి, చుట్టుపక్కల పల్లెలకు చేరుతుంది. కార్యక్రమాలలో సగమైనా స్థానికంగా తయారు కావాలి. సొంతంగా వార్తలు చదువరాదు. కాని పరీక్షలు, ప్రవేశాలు, ఉద్యోగావకాశాలు, నీరు, విద్యుత్తు, వాతావరణం, ఆరోగ్య హెచ్చరికలు వార్తల కిందికి రావు. అంటే ఆ లారీ డ్రైవరు భార్యకు కావలసిన ఆ ఒక్క మాట చెప్పడానికి చట్టంలో ఏ అడ్డూ లేదు. బి.సి.-ఇ ధ్రువపత్రం ఎవరికి, దూదేకుల వారికి బి.సి.-బి ఎందుకు, మైనారిటీ గురుకులాలలో ప్రవేశాలు ఎప్పుడు, ఇవన్నీ వారం వారం చెప్పవచ్చును.

2009 అక్టోబరును గుర్తు చేసుకుందాము. కృష్ణా తుంగభద్రలు పొంగి అలంపురం, రాజోలి మునిగిపోయినప్పుడు నడిగడ్డ ప్రజలు కట్టుబట్టలతో బయటపడ్డారు. అటువంటి రాత్రి ఏ దారి తెగిపోయిందో, ఎటు వెళ్ళాలో, అన్నం ఎక్కడ దొరుకుతుందో తెలిసిన గొంతుతో చెప్పేవారు కావాలి. చార్జింగు అయిపోయిన సెల్‌ఫోను పలకదు. రెండు బ్యాటరీల రేడియో పలుకుతుంది.

ఇక అభ్యంతరాలు. వాట్సాప్ ఉండగా రేడియో ఎందుకని యువకులు అడుగుతారు. వాట్సాప్‌లో వచ్చిన అబద్ధానికి బాధ్యులు ఎవరో తెలియదు. సామాజిక రేడియో తన ప్రసారాలను మూడు నెలలపాటు భద్రపరచాలని నియమం. అన్న మాటకు జవాబుదారీతనం ఉండే చోటు అది. వదంతుల వల్ల ఎక్కువగా నష్టపోయే సముదాయం మనదే కనుక, ఆ జవాబుదారీతనం మనకే ఎక్కువ అవసరం.

ఆడపిల్లల గొంతు రేడియోలో వినిపించడమేమిటని కొందరు పెద్దలు అంటారు. హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) వద్ద సహాబాలు ధర్మవిషయాలు అడిగి తెలుసుకున్న చరిత్ర వారికి మనం చెప్పనక్కరలేదు. పైగా 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కేంద్రం సలహా సంఘంలో సగం మంది స్త్రీలు ఉండి తీరాలి. మన కమిటీలలో ఎన్నిటిలో స్త్రీలు సగం ఉన్నారో ఎవరికి వారే లెక్కించుకోవాలి.

ఇది ముస్లిం రేడియోగా ముద్రపడుతుందేమో అన్నది మూడవ భయం. అలా పడకూడదనే మేమూ అంటున్నాము. అలంపురంలో జోగులాంబ ఆలయానికి దగ్గరలోనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉన్నది. అటువంటి నేల మీద ఒక్క మతం వారు తమలో తాము మాట్లాడుకునే కేంద్రం పెట్టడం తగదు. నేతన్న, చెంచు సోదరుడు, పాలమూరు వలస కూలీ, మదరసా విద్యార్థి ఒకే మైకు ముందు కూర్చోవాలి. తెలుగుతో పాటు మన దక్కనీ కూడా అందులో వినిపించాలి. ఇరుగుపొరుగువారు మన మాట వింటేనే మనమీద ఉన్న అపోహలు తొలగుతాయి.

అసలైన కష్టం నాలుగవది. ప్రతిరోజూ పని చేసేవారు కావాలి. ప్రారంభోత్సవం నాడు వేదిక మీద ముప్పై మంది ఉంటారు. మూడు నెలలు గడిచాక, పరీక్షల కాలంలో, కరెంటు పోయిన సాయంత్రం తాళం తీయడానికి ఒక్కరు ఉంటారా? మన సంఘాలు ఎన్నో పదవుల పంపకంతో పుట్టి, పదవుల తగాదాతో ముగిశాయి. రేడియో కూడా అదే దారి పడితే మాచనూరు సోదరీమణుల ముందు మనం తల దించుకోవలసి వస్తుంది.

అందుకని మా సూచన చిన్నది. ముందు లైసెన్సు గురించి తొందరపడవద్దు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలలో ఒక్కొక్క చోట నలుగురు యువకులు, నలుగురు యువతులు ముందుకు రావాలి. సెల్‌ఫోనులోనే వారానికి ఒక అరగంట కార్యక్రమం రికార్డు చేయండి. ఒక పథకం వివరం, ఒక పెద్దామె జ్ఞాపకం, ఒక పిల్లవాని ప్రశ్న చాలును. దానిని వీధి కూడలిలో, కుట్టు శిక్షణ కేంద్రంలో, మసీదు ఆవరణలో వినిపించండి. ఒక సంవత్సరం ఒక్క వారం కూడా తప్పకుండా నడిపినవారు దరఖాస్తు చేయడానికి అర్హులు. ఆ దరఖాస్తు నింపే పనిలో ఈ ముసలి గుమాస్తా కలం ఉచితంగా వారి వెంట ఉంటుంది.

అజాన్ పలకడానికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) బిలాల్ గారిని ఎంచుకున్నారు. నిన్నటి దాకా బానిసగా ఉన్న మనిషి గొంతు మదీనా నగరమంతా పిలిచింది. పిలుపు ఇచ్చే గొంతుకు కులమూ, హోదా అక్కరలేదని మనకు అంతకంటె గొప్పగా ఎవరు చెప్పగలరు? మాకు ఎవరు చెప్పారు అని ఇంకొక తల్లి అడిగే రోజు వస్తే, మేము చెప్పాము అని అనగలిగినవారు మన ఊళ్ళలో ఉండాలి.