బ్యాకప్ తీయలేని వజ్రం



గోల్కొండ వజ్రాల పేరు వినని తెలుగువారు ఉండరు. నత్రజని ఎక్కువైతే వజ్రానికి పసుపు ఛాయ వస్తుంది. కృష్ణాతీరంలోని కొల్లూరు వంటి గనుల్లో దొరికిన మేలిరాళ్ళలో అది దాదాపు లేదు, అందుకే అంత తెల్లదనం. ఈసారి చెప్పబోయేది ప్రయోగశాలలో తయారైన వజ్రం. ఇదీ స్వచ్ఛమైనదే, కానీ ఇందులో అక్కడక్కడా ఒక్కో నత్రజని పరమాణువును కావాలనే ఉంచుతారు.

ఒక కార్బన్ స్థానంలో నత్రజని చేరి, పక్క స్థానం ఖాళీగా ఉంటే, అక్కడి ఎలక్ట్రాన్లు చిన్న అయస్కాంతంలా పనిచేస్తాయి. ఈ గుణాన్నే స్పిన్ అంటారు. 0, 1 రెండూ కలిసి ఉండగల క్యూబిట్‌ను అందులో దాచవచ్చు. పొరుగునున్న కార్బన్-13 కేంద్రకానికి అప్పగిస్తే ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. 2012లో హార్వర్డ్ బృందం గది ఉష్ణోగ్రతలోనే సెకను దాటించింది. 2019లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ శాస్త్రవేత్తలు అతిశీతల స్థితిలో నిమిషం దాటించారు.

"ఇంతేనా!" అనిపించవచ్చు. సాఫ్ట్‌వేర్ వృత్తిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం బ్యాకప్. ఇక్కడ అది కుదరదు. తెలియని క్వాంటమ్ స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే నిరూపించారు. మధ్యలో కొలిచి చూద్దామన్నా చెడిపోతుంది. కాబట్టి ఎంతసేపు నిలుస్తుందో, దేనివల్ల పోతుందో ముందుగానే కంప్యూటర్‌లో నమూనా కట్టి లెక్క వేసుకోవాలి.

మామూలు వజ్రంలో ప్రతి వంద కార్బన్‌లలో సుమారు ఒకటి కార్బన్-13. జ్ఞాపకాన్ని దాచేదీ అదే, దాని సాటి కేంద్రకాలే ఆ జ్ఞాపకాన్ని చెరిపేదీ. నమూనాలో ఒక్కో స్పిన్‌ను చేర్చినప్పుడల్లా లెక్క రెట్టింపవుతుంది. 10 స్పిన్‌లకు 1,024 సంఖ్యలు చాలు. 30 స్పిన్‌లకు 107 కోట్ల సంఖ్యలు, వాటిని దాచడానికే సుమారు 17 గిగాబైట్లు కావాలి! అందుకే పొరుగు కేంద్రకాలను చిన్న చిన్న గుంపులుగా విడదీసి లెక్కించి, ఫలితాలను కలుపుతారు. దూరపువాటిని వదిలేస్తారు. దేన్ని వదలవచ్చో తెలియడమే ఇందులోని నేర్పు. అక్కర్లేదని వదిలింది అసలైన శత్రువైతే, తెరమీద నిమిషం నిలిచిన క్యూబిట్ వజ్రంలో క్షణమైనా నిలవదు.

పిల్లలూ, హైస్కూలు మాత్రికలు, కొంచెం పైథాన్ వస్తే మీరూ మొదలుపెట్టవచ్చు. క్యూటిప్ అనే లైబ్రరీ ఉచితం. ముందు ఒక ఎలక్ట్రాన్, ఒక కేంద్రకం తీసుకోండి. తర్వాత ఒక్కో పొరుగును చేర్చుతూ గ్రాఫు ఎలా మారుతోందో అమ్మానాన్నలకు చూపించండి. వాళ్ళు "ఎందుకలా?" అని తప్పక అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

వచ్చే సంచికలో కలుద్దాం.