బాలింత మనసూ చూడండి
కాన్పు ఆడదానికి మరో జన్మ అంటాం. ఆ మాటతోనే నొప్పిని తలరాత చేసేశాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. నొప్పుల భయమూ అందుకు ఒక కారణం. తల్లి మెలకువగా ఉండగానే నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ సూదిమందు హుజూర్‌నగర్ లాంటి ఊళ్ల సర్కారు దవాఖానల్లోనూ అందాలి. అందుకు మత్తు డాక్టర్ రాత్రీపగలూ ఉండాలి. పురుడయ్యాక పథ్యం పెడతాం, బిడ్డకు నీళ్లు పోస్తాం, తల్లి మనసెలా ఉందో మాత్రం అడగం. వర్ధమాన దేశాల్లో దాదాపు ఐదుగురు బాలింతల్లో ఒకరిని మానసిక సమస్య, ముఖ్యంగా కుంగుబాటు, పీడిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు వారాలు దాటినా దిగులు వీడకపోతే అది గాలి సోకడం కాదు, జబ్బు. దానికి వైద్యం ఉంది. సర్కారు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. బిడ్డను చూడవచ్చినవాళ్లు ముందు తల్లిని పలకరించండి.