టికెట్టు చవకే, పూట ఖరీదు

చలికాలం మొదలైందంటే ఢిల్లీలో కాపురముండే తెలుగువాళ్లకు ఒక ప్రశ్న తప్పదు. కాశీ, అయోధ్య చూసుకుని తిరుగు ప్రయాణంలో రాజధానిలో ఆగే పెద్దవాళ్లు, సంక్రాంతి సెలవులకు పిల్లలతో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దిగే కుటుంబాలు, ఇంటర్వ్యూ ముగించుకున్నాక రైలుకు ఒక రోజు మిగిలిన కుర్రాళ్లు... ఎవరైనా అడిగేది ఒకటే. "ఒక్క రోజులో ఢిల్లీ అంతా తిప్పుతారట. మనిషికి నాలుగైదు వందలేనట. ఎక్కమంటారా, వద్దా?"

ఔననో కాదనో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఆ అడిగే మనిషికి ఢిల్లీ మళ్లీ మళ్లీ వచ్చే ఊరు కాదు. పెన్షన్‌లో దాచుకున్నదో, పంట మీద మిగిలిందో ఖర్చు పెట్టుకుని జీవితంలో ఒక్కసారి వచ్చారు. అయిదొందలు పోతే పెద్ద బాధ లేదు. ఆ ఒక్క రోజు పోతే మళ్లీ రాదు. అందుకే ఇది కాస్త లెక్క వేసి చెప్పాల్సిన జవాబు.

టూర్ల వాళ్ల కరపత్రం తీసి చూడండి. ఎర్రకోట, రాజ్‌ఘాట్, ఇండియా గేట్, రాష్ట్రపతి భవన్, బిర్లా మందిర్, లోటస్ టెంపుల్, హుమాయూన్ సమాధి, కుతుబ్ మినార్. పేర్లు ఎన్ని ఎక్కువుంటే బేరం అంత లాభంగా కనిపిస్తుంది. మనం కూడా టికెట్టు ధరను చోట్ల సంఖ్యతో భాగించి చూసుకుంటాం. అయిదొందలకు ఎనిమిది చోట్లంటే చోటుకు అరవై చిల్లర. ఆటోకే అంతకన్నా ఎక్కువవుతుంది కదా అని సంబరపడతాం.

భాగించాల్సింది రూపాయలను కాదు, నిమిషాలను. ఉదయం 9 గంటలకు బయల్దేరి సాయంత్రం 6 గంటలకు దింపే బస్సు అనుకుందాం. మొత్తం 540 నిమిషాలు. భోజనానికి 45 తీసేయండి. కుతుబ్ మినార్ నగరానికి దక్షిణాన, ఎర్రకోట ఉత్తరాన. ఈ కొసనుంచి ఆ కొసకు ఢిల్లీ ట్రాఫిక్‌లో తిరగడానికి మూడున్నర గంటలంటే పెద్ద ఎక్కువేమీ కాదు. అవి 210. ఒక్కో చోట దిగి, మళ్లీ ఎక్కి, తలలు లెక్కపెట్టి, ఇంకా రాని ఇద్దరి కోసం హారన్ కొట్టి కదిలేసరికి పది నిమిషాలు. ఎనిమిది చోట్లకు 80. మధ్యలో హస్తకళల ఎంపోరియం ఒకటి, దానికి 40. మిగిలింది 165 నిమిషాలు. అంటే చోటుకు ఇంచుమించు 20. లోపలికి వెళ్లే ముందు తనిఖీ క్యూ, మరుగుదొడ్డి దగ్గర క్యూ ఈ ఇరవైలోనే సర్దుకోవాలి.

ఇరవై నిమిషాలు చాలే చోట్లు లేకపోలేదు. రాజ్‌ఘాట్‌లో చెప్పులు విడిచి నల్లరాతి వేదిక చుట్టూ తిరిగి రావడానికి చాలు. ఇండియా గేట్ దగ్గర 42 మీటర్ల తోరణం ముందు ఫొటో దిగి, రాళ్ల మీద చెక్కిన సైనికుల పేర్లు కొన్ని చదవడానికి చాలు. అయితే ఈ రెండింటికీ టికెట్టు లేదు, గైడ్ అవసరమూ లేదు. రాష్ట్రపతి భవన్ అంటారా, అది చాలా టూర్లలో బస్సు కిటికీలోంచి చూసేదే. లోపలికి వెళ్లాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో విడిగా బుక్ చేసుకోవాలి.

కుతుబ్ దగ్గర కథ వేరు. 72.5 మీటర్ల మినార్ బస్సులోంచీ కనిపిస్తుంది. మెట్లెక్కనివ్వరు. 1981 డిసెంబరులో లోపల తొక్కిసలాట జరిగి 45 మంది, ఎక్కువగా బడి పిల్లలు, చనిపోయిన తర్వాత మూసేశారు. అక్కడ చూడాల్సినవన్నీ మినార్ నీడలో ఉన్నాయి. పదహారు వందల ఏళ్లుగా ఎండకూ వానకూ చెక్కుచెదరని ఇనుప స్తంభం, పాత ఆలయాల నుంచి తెచ్చి మసీదు నడవాల్లో నిలబెట్టిన రాతి స్తంభాలు, 1311 నాటి అలాయి దర్వాజా, కుతుబ్‌కు రెట్టింపు ఎత్తు లేపాలని మొదలుపెట్టి మొదటి అంతస్తు దగ్గరే ఆగిపోయిన అలాయి మినార్. ఈ చివరి రెండూ అలావుద్దీన్ ఖిల్జీవి. మన ఓరుగల్లు మీదికి మాలిక్ కాఫుర్‌ను పంపి, 1310లో ప్రతాపరుద్రుడి దగ్గర సంపద గుంజుకున్న ఖిల్జీ ఇతనే. తెలుగువాడు అక్కడ కాసేపు ఆగి ఆలోచించాల్సిన సంగతి. ఇరవై నిమిషాల్లో అంత దూరం ఎవరూ వెళ్లరు.

ఇక ఎంపోరియం. కరపత్రంలో దాని పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండదు. ఎర్రకోటలో ఆలస్యమైతే గొణిగే గైడ్, అక్కడ మాత్రం గడియారం చూసుకోడు. అతణ్ని తప్పుపట్టి లాభం లేదు. అంత తక్కువ టికెట్టు మీద బస్సు, డీజిల్, డ్రైవర్ పోగా అతనికి దక్కేదెంత? శాలువా మీదా, పాలరాతి ఏనుగు మీదా వచ్చే కమీషనే చాలాచోట్ల అతని అసలు జీతం. కాబట్టి ఇలాంటి టూర్‌కు కొనుగోలుదారులు ఇద్దరు. టికెట్టు కొన్నది మీరు. మీ నలభై నిమిషాలు కొన్నది కొట్టు యజమాని. టికెట్టు చవగ్గా ఎలా ఇవ్వగలుగుతున్నారన్న దానికి సమాధానం ఇందులోనే ఉంది.

ఇంతా చదివి, అయితే ఎక్కొద్దనేగా మీ తీర్పు అనకండి. రెండేళ్ల క్రితం మా పెదనాన్న, పెద్దమ్మ వచ్చినప్పుడు ఇలాంటి బస్సే ఎక్కారు. పెదనాన్న పల్నాడులో హైస్కూల్ సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. బహదూర్ షా జఫర్ విచారణ, ఆజాద్ హింద్ ఫౌజ్ విచారణ అంటూ ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన పాఠాలు జరిగిన చోటది. ఆయన దివాన్-ఎ-ఆమ్ దాకా నడిచేసరికే వెనక్కి రమ్మని కేక వచ్చింది. గైడ్ చెప్పింది హిందీలోనూ ఇంగ్లిషులోనూ. హిందీ ఆయనకు రాదు. ఇంగ్లిషు వచ్చినా, ఆ వేగానికి, ఆ గోలలో అందలేదు. సాయంత్రం బస్సు దిగి "బాగానే ఉందిరా" అన్నారు. ఆ మాట ఎలా అన్నారో నాకు తెలుసు.

పెద్దమ్మ సంగతి పూర్తిగా వేరు. మోకాళ్ల నొప్పులతో ఎక్కువ నడవలేని మనిషి. ప్రతిచోటా గుమ్మం దాకా బస్సు వచ్చింది, మళ్లీ అదే సీటు. పక్కన కూర్చున్న నాందేడ్ ఆవిడతో సగం సైగలతో, సగం తెలుగు మరాఠీ కలిపి రోజంతా కబుర్లు. తప్పిపోతానన్న భయం లేదు, ఆటోవాడితో బేరం లేదు. "ఇంతకన్నా ఏం కావాలి?" అంది. ఒకే బస్సు, పక్కపక్క సీట్లు, ఒకే ధర. ఒకరికి రోజంతా దండగ, ఇంకొకరికి పండగ. టూర్ మంచిదా కాదా అన్న ప్రశ్నకు అందుకే ఒక్క జవాబు ఉండదు. ఎవరికి అన్నది ముందు తేల్చుకోవాలి.

మోకాళ్లు సహకరించని పెద్దలు, ఒంటరిగా వచ్చి కొత్త ఊళ్లో దిక్కు తోచని ఆడవాళ్లు, రెండు రైళ్ల మధ్య ఒక్క పూటే ఉన్నవాళ్లు నిశ్చింతగా ఎక్కొచ్చు. ఆ అయిదొందలకు వాళ్లు కొనుక్కునేది కట్టడాలను కాదు, సీటును, తోడును, సాయంత్రానికి బస దగ్గర దింపుతారన్న ధీమాను. దానికది గిట్టుబాటు ధరే. భాష కూడా లెక్కలోకి తీసుకోవాలి. నిజామాబాద్ నుంచి వచ్చిన పెద్దాయనకు గైడ్ హిందీ అడ్డం కాకపోవచ్చు. నరసరావుపేట ఆయనకు అడ్డమే.

కాళ్లలో సత్తువ, చేతిలో రెండు రోజులు ఉన్నవాళ్లు మాత్రం మెట్రో మ్యాప్ ఒకసారి చూడాలి. వయొలెట్ లైన్ అని ఒకటుంది. లాల్ ఖిలా స్టేషన్‌లో దిగితే ఎర్రకోట. తర్వాతిది జామా మసీదు. ఆ తర్వాతి ఢిల్లీ గేట్‌లో దిగి ఆటో ఎక్కితే రాజ్‌ఘాట్. జన్‌పథ్‌లో దిగితే ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు ఆటోలో దగ్గరే. పప్పు, పచ్చడితో అన్నం తిని మళ్లీ రైలెక్కొచ్చు. సెంట్రల్ సెక్రటేరియట్ నుంచి కర్తవ్య పథ్ మీదుగా నడిస్తే ఇండియా గేట్. జేఎల్ఎన్ స్టేడియం నుంచి ఆటోలో హుమాయూన్ సమాధి. కల్కాజీ మందిర్ స్టేషన్ నుంచి లోటస్ టెంపుల్. కుతుబ్ మినార్‌కు మాత్రం యెల్లో లైన్‌కు మారాలి. కరపత్రంలో ఉన్న పేర్లు చాలావరకు ఒకే లైను మీద వరుసగా ఉన్నాయన్న మాట. ఒక రోజుకూ, మూడు రోజులకూ టూరిస్టు కార్డులు అమ్ముతారు. నలుగురున్న కుటుంబమైతే నాలుగు బస్సు టికెట్ల మొత్తాన్ని, ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్ల ట్యాక్సీ ప్యాకేజీ రేటు పక్కన పెట్టి చూసుకోవాలి. తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు.

బస్సే అనుకుంటే డబ్బు కట్టే ముందు అయిదు ప్రశ్నలు అడగండి. ఏ చోట్ల లోపలికి తీసుకెళ్తారు, ఏవి బయటి నుంచే చూపిస్తారు? ప్రవేశ టికెట్లు ధరలో కలిసే ఉన్నాయా? గైడ్ లోపలికి వస్తాడా, గేటు దగ్గరే ఆగిపోతాడా? ఏ భాషలో చెబుతాడు? షాపింగ్ ఆపులు ఎన్ని? ప్రవేశ రుసుములకు భయపడనక్కర్లేదు. 2018లో పెంచినప్పుడు కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి వంటి వారసత్వ కట్టడాలకు భారతీయుల టికెట్టు 40 రూపాయలు చేశారు, పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉచితం. దాన్ని 'అన్నీ కలిపి' అని ఘనంగా చెబితే మురిసిపోకండి.

వారం కూడా చూసుకోవాలి. సోమవారం ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షరధామ్ మూడూ మూసి ఉంటాయి. బస్సులు మాత్రం సోమవారమూ నడవొచ్చు, టికెట్లు అమ్మొచ్చు. ఆగస్టు 15కు ముందు ఎర్రకోట, జనవరి 26కు ముందు ఇండియా గేట్ పరిసరాలు బందోబస్తులో ఉంటాయి. టూర్‌లో అక్షరధామ్ ఉందంటే ఇంకో జాగ్రత్త. ఫోన్లు, బ్యాగులు డిపాజిట్ చేసి లోపలికెళ్లాలి. ఆ క్యూలు దాటి సరిగ్గా చూడాలంటే సగం రోజు దానికే. ఎనిమిది పేర్లలో ఒకటిగా అది ఇమడదు.

నన్నడిగితే అసలు ఉపాయం ఈ రెంటినీ కలపడం. మొదటి పూట బస్సెక్కి ఊరు ఎలా పరుచుకుని ఉందో చూసుకోవడం, మనసు లాగిన చోటు ఒకటి గుర్తుపెట్టుకోవడం, మర్నాడు అక్కడికే తిరిగి వెళ్లడం. ఒక్క రోజే ఉంటే పూర్తి రోజు టూర్ మానేసి సగం రోజుది ఎక్కి, మిగతా సగం సొంతానికి ఉంచుకోవడం. పెదనాన్నను మర్నాడు మెట్రోలో ఎర్రకోటకు తీసుకెళ్లాను. 1858 జనవరిలో జఫర్‌ను నిలబెట్టి విచారించిన దివాన్-ఎ-ఖాస్ ముందు చాలాసేపు ఉన్నారు. తర్వాత 2019లో పాత బ్యారక్‌లో తెరిచిన నేతాజీ మ్యూజియంలో, షానవాజ్, సెహగల్, ధిల్లాన్‌ల విచారణ దగ్గర, పాఠం చెబుతున్నట్టే నాకు మొత్తం వివరించారు. పక్కన నిలబడ్డ ఇద్దరు కాలేజీ పిల్లలు, తెలుగువాళ్లే, ఆగి విన్నారు. నాలుగు గంటలు పట్టింది. ఇద్దరికీ కలిపి ఖర్చు ముందురోజు ఆయన ఒక్కడి బస్సు టికెట్టు అంత కూడా కాలేదు.