లాలాగ్రంథుల రాచపుండు: పాలమూరు రోగులకు దారి యేది?

చెవితమ్మె క్రింద ఉసిరికాయంత గడ్డ లేచినచో మన పల్లెలలో దానిని గవదబిళ్ల యనుకొని పసుపుపట్టు వేయుదురు. మెడలో బంగారు గొలుసు వేయు ఆచారమును కొన్ని యిండ్లలో గలదు. గవద యైనచో వారము పది దినములలో తానే తగ్గును. తగ్గనిదానిని గూర్చియే మేము నేడు వ్రాయుచున్నాము. లాలాజలమును స్రవింపజేయు పెద్ద గ్రంథులు చెవుల ముందు రెండు, దవడ క్రింద రెండు, నాలుక క్రింద రెండు. నోటిలోను గొంతులోను చిన్నవి కొన్ని వందలు గలవు. చెవి ముందరి గ్రంథిలో పుట్టు గడ్డలలో అధికభాగము ప్రాణాపాయము లేనివే. కాని గడ్డ నొప్పి లేకయే నెలల తరబడి పెరుగుచున్నను, ముఖము ఒక ప్రక్కకు వాలినను, కన్ను పూర్తిగా మూతపడకున్నను జాగు చేయరాదు. అది క్యాన్సరు కావచ్చును.

ఈ రాచపుండు అరుదైనది. అరుదగుటయే దీని రోగికి మొదటి దౌర్భాగ్యము. పైగా ఇది యొక్క వ్యాధి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వర్గీకరణములో ఇరువదికి మించిన జాతులు గలవు. అడినాయిడ్ సిస్టిక్ అను జాతి నరముల వెంట మెల్లగా ప్రాకి, కత్తితో తీసివేసిన అనేక సంవత్సరములకు ఊపిరితిత్తులలో తేలును. లాలానాళములలో పుట్టునది అట్లుగాక మిక్కిలి వేగముగా వ్యాపించును. సెక్రెటరీ అను జాతిని వైద్యులు 2010లో గాని వేరుగా గుర్తింపలేదు. దానిలో రెండు జన్యువులు అతుకుకొని కణములను పెంచుచున్నవని తేలినది. ఆ అతుకును అడ్డగించు లారోట్రెక్టినిబ్ అను మందును 55 మంది రోగులపై పరీక్షించిన ఫలితములు 2018లో వెలువడినవి. ఆ 55 మందిలో పదునేడు విధములైన క్యాన్సర్లవారు గలరు. అందు 12 మంది లాలాగ్రంథులవారు. నూటికి 75 మందిలో గడ్డ గణనీయముగా తగ్గెను. ఆ యేడు నవంబరులోనే అమెరికా ఔషధశాఖ ఆ మందునకు అనుమతి నిచ్చినది. ఇట్టి వ్యాధికి ఏ యొక్క పట్టణములోను రోగులు చాలినంతమంది దొరకరు. దేశదేశముల నుండి ఒక్కొక్కరు చేరిననే పరిశోధన సాగును.

కావున శస్త్రచికిత్స, కిరణచికిత్స ముగిసిన పిమ్మట వ్యాధి తిరుగబెట్టిన వానికి, క్లినికల్ ట్రయల్ ఎచ్చట జరుగుచున్నదని విచారించుట ప్రాణములతోడి వ్యవహారము. గద్వాలలోని రోగి ఈ సంగతి నెట్లు తెలిసికొనగలడు? భారత వైద్యపరిశోధన మండలివారు 2007 జూలైలో పరిశోధనల జాతీయపట్టికను నెలకొల్పిరి. 2009 జూన్ 15 మొదలు ఔషధపరీక్షలను అందు నమోదు చేయుట తప్పనిసరి యైనది. వ్యాధిపేరుతో వెదకినచో ఏ యాసుపత్రిలో, ఏ వైద్యుని యాధ్వర్యమున, ఎట్టి రోగులను చేర్చుకొనుచున్నారో రుసుము లేకయే తెలియును. కాని పట్టిక ఇంగ్లీషులో నున్నది. ఆ యింగ్లీషైనను పట్టభద్రులకే కొరుకుడుపడనిది!

పరిశోధన యన్నంతనే మనవారు బెదరుట నిష్కారణము కాదు. 2009లో ఖమ్మము జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా నిచ్చినప్పుడు, తలిదండ్రులకు మారుగా వసతిగృహముల వార్డెన్లే అనేకపత్రములపై సంతకములు చేసిరి. మరణించిన బాలికల మృతికి టీకా కారణము కాదని విచారణలో తేలినను, అనుమతి సేకరించిన తీరును 2013లో పార్లమెంటు స్థాయిసంఘము తీవ్రముగా గర్హించినది. చెంచుపెంటలు గల నాగర్‌కర్నూలు జిల్లా ఈ సంగతిని మరువరాదు. అటుపిమ్మట నిబంధనలు బిగిసినవి. 2019 నాటి నియమముల ప్రకారము నైతికసంఘము అంగీకరింపక పరీక్ష సాగరాదు. రోగికి తెలిసిన భాషలో సర్వము చెప్పవలయును. చదువురాని వానికి నిష్పాక్షికుడైన సాక్షి యుండవలయును. పరీక్షవలన హాని కలిగినచో ఉచితవైద్యమును, నష్టపరిహారమును ఈయవలయును. రోగి ఎప్పుడైనను వైదొలగవచ్చును. వైదొలగినంత మాత్రమున మామూలు చికిత్స నిలుపరాదు. పరిశోధన నిమిత్తమైన వ్యయమును రోగిపై మోపరాదని మండలివారి 2017 నాటి మార్గదర్శకములలో గలదు. కొత్తమందు నిప్పింతునని సొమ్మడుగు దళారిని గడప త్రొక్కనీయరాదు.

అయితే పరీక్ష యనగా స్వస్థత కాదు. మందు ఫలింపకపోవచ్చును, చీటి వేసినట్లు పాత చికిత్స వంతునకు రావచ్చును. పట్టికలో పేరున్నంత మాత్రమున ప్రభుత్వము ఆ మందును మెచ్చినట్లును కాదు.

బీదలకు పడకలే లేనిచోట ఈ పరిశోధనల ముచ్చట యేల యని కొందరందురు. మేము అంగీకరింపజాలము. బొంబాయి టాటా స్మారక వైద్యశాలవారు, ధనికులకు గాని అందని నివొలుమాబ్ అను మందును అత్యల్పమాత్రలో, 20 మిల్లీగ్రాములు, తల–మెడ క్యాన్సరు ముదిరిన రోగులకు చౌకమందులతో కలిపి యిచ్చి చూచిరి. ఏడాది బ్రదికినవారు నూటికి 16 నుండి 43కు పెరిగిరని 2022లో ప్రకటించిరి. లాలాగ్రంథుల వ్యాధికి ఆ ఫలితమును నేరుగా అన్వయింపరాదు. కాని బీదవానికి అందు వైద్యమేదో తేల్చుటకును పరిశోధనయే సాధనమని యిది చూపుచున్నది.

మట్టిపనికి బొంబాయి పోవు దారి పాలమూరు కూలి యెరుగును. పరేలులోని ఆ వైద్యశాలదారి యెరుగడు. హైదరాబాదులో 1955 నాటి మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి గలదు. గద్వాలకు రైలున్నది, వనపర్తికి స్టేషను ఊరికి దూరము, నాగర్‌కర్నూలుకు రైలే లేదు. పత్తి క్రాసింగు దినములలో మూడునాళ్లు పోయిన కూలి తిరిగి రాదు. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలోను, ఆపిమ్మట గద్వాలలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. వీనియం దొక్కొక ఉద్యోగిని ఈ పనికే నియమించి, పట్టికను నెలకొకమారు చూచి, తెలుగున సంగ్రహించి, రోగి కాగితములను ముందుగానే పరిశోధకునికి పంపించినచో వ్యర్థప్రయాణములు తప్పును. అర్హత లేదను మాట వినుటకై నూటతొంబది కిలోమీటర్లు పోవుట యేమి న్యాయము? చేరినవారికి దారిబత్తెమును పరిశోధన నడపువారే యిచ్చునట్లు నైతికసంఘములు పట్టుబట్టవలయును. కూలిని పంపిన కామందు ఆ మూడునాళ్ల కూలి కోయకుండుట అతని చేతిలోని పని.

రోగి బంధువులు నేడే చేయదగినది యొకటి గలదు. గడ్డనుండి తీసిన ముక్కను ప్రయోగశాలవారు మైనపుదిమ్మెలో నిలువచేయుదురు. వ్యాధి యే జాతిదో, ఏ జన్యువు చెడినదో తిరిగి చూడవలసి వచ్చినచో ఆ దిమ్మెయే ఆధారము. దానిని, గాజుపలకలను, శస్త్రచికిత్స వివరముల కాగితమును అడిగి తెచ్చుకొని, వేసవి యెండ తగులని చోట భద్రపరచి, పెద్దాసుపత్రికి పోవునాడు వెంట గొనిపోవలయును.