ఊపిరికి పూచీ ఎవరిది?

సంగారెడ్డి జిల్లా పారిశ్రామికవాడలైన పాశమైలారంలోనో బొల్లారంలోనో పనికి కుదిరే వలస కార్మికుడు చొక్కా విప్పి, ఎక్స్‌రే పలకకు ఛాతీ ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడతాడు. ఆ ఎక్స్‌రేను చదివే పని ఇప్పుడు కృత్రిమ మేధకూ అందుతోంది. 2024 డిసెంబరులో దేశంలో మొదలైన వంద రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో దాన్ని వాడారు. రేడియాలజిస్టు దొరకని చోట అది మేలే చేస్తుంది.

చిక్కల్లా మరోచోట ఉంది. క్రషర్లలో, ఫౌండ్రీల్లో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చిన వారికొచ్చే సిలికోసిస్ మచ్చలు ఎక్స్‌రేలో చాలాసార్లు క్షయ మచ్చల్లాగే కనిపిస్తాయి. అనుభవమున్న డాక్టరు 'ఏం పని చేస్తావయ్యా, ఎన్నేళ్ల నుంచి?' అని అడుగుతాడు. తేడా పట్టుకునే దారి అక్కడ మొదలవుతుంది. ఒట్టి ఎక్స్‌రేనే చూసే సాఫ్ట్‌వేర్‌కు ఆ జవాబు అందదు. సిలికోసిస్, చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. ఆ కేసును డాక్టరు ప్రభుత్వానికి తెలపాలి, కార్మికుడికి పరిహారం అడిగే హక్కుంటుంది. దాన్ని క్షయ అని రాసేస్తే తప్పుడు మందులు పడతాయి, ఆ హక్కూ పోతుంది.

వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ 2020 ఏప్రిల్ 1 నుంచి మందుల చట్టం పరిధిలోకి వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి 2023లో నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే పరికరానికి అనుమతి ఇవ్వడం వేరు, ఆస్పత్రిలో దాని మాటకు ఎవరు పూచీ పడాలో తేల్చడం వేరు. ప్రజారోగ్యాన్నీ ఆస్పత్రులనూ రాజ్యాంగం రాష్ట్రాల చేతిలో పెట్టింది కాబట్టి ఆ పూచీ తేల్చే పని రాష్ట్రాలూ చేయొచ్చు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి, డాక్టరు చూడకుండా కృత్రిమ మేధ రాసి పంపిన వైద్య సందేశమైతే ఆ సంగతి రోగికి చెప్పాలంది. చికిత్స అవసరం లేదని బీమా సంస్థ తేల్చాలంటే ఆ నిర్ణయం వైద్య నిపుణులదే కావాలంది.

మన తెలంగాణ కూడా అలాంటి నియమాలకు పూనుకోవాలి. కందిలో ఐఐటీ ఉంది, సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కుంది. ఇక్కడి కార్మికుల ఎక్స్‌రేలపై, వారి అనుమతితో, పరీక్షించి చూశాకే ఏ సాఫ్ట్‌వేర్‌నైనా ఆస్పత్రి గడప తొక్కనివ్వాలి. రిపోర్టు కార్మికుడికి తెలిసిన భాషలో ఉండాలి. యంత్రం చదివిందన్న మాట, పూచీ పడే డాక్టరు సంతకం రెండూ దానిమీద కనబడాలి. అది కాంట్రాక్టరు చేతికి కాదు, ముందు కార్మికుడి చేతికే రావాలి.